సెకండ్ హ్యాండ్ ప్రొక్లెయినర్ కొనేవాళ్లకు జాగ్రత్త: ‘ఫిల్టర్ తీసేశాం సార్’ అంటే అక్కడే ఆగండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత ప్రొక్లెయినర్ (చైన్ల మీద నడిచే తవ్వకం బండి) కోసం తిరుగుతున్న అన్నదమ్ములు ఇది ఒకసారి చదవండి. రొయ్యల గుంటల పని మొదలయ్యేలోపు బండి దించెయ్యాలని తొందరపడేవాళ్లు తప్పకుండా చదవండి. నేను ఆ తొందరలోనే దెబ్బతిన్నాను.

మాది అల్లూరు వైపు. రొయ్యల గుంటలు తవ్వడం, కట్టలు వెయ్యడం, పంటకీ పంటకీ మధ్య అడుగు బురద తియ్యడం మా పని. ఉన్న జేసీబీ చాలక, పోయిన ఏడాది చెన్నై శివార్లలో ఒక పాత మిషన్ల యార్డులో 20 టన్నుల చైన్ బండి చూశాను. 2013లో తయారై, జపాన్‌లో వాడకం అయ్యాక ఇక్కడికి వచ్చింది. బూమ్‌కి పగుళ్లు లేవు, పిన్నులు, బుష్షులు బాగున్నాయి, రెండు గంటలు తిప్పినా పంపు నీరసపడలేదు. 27 లక్షలకు బేరం తెగింది. బయానా ఇచ్చాక యార్డు అతను అన్నాడు: “దీనికి పొగ ఫిల్టర్ ఉండేది సార్. మీకెందుకు తలనొప్పని మేమే తీసేశాం.” పొగ ఫిల్టర్ అంటే ఇంజను పొగలోని మసిని పట్టే డబ్బా. నేను సంతోషపడ్డాను. ఫిల్టర్ బండ్లతో పడిన అవస్థలు పదిమంది దగ్గర విని ఉన్నాను కదా, పీడ పోయిందనుకున్నాను.

సరిగ్గా 23 రోజులు నడిచింది. 24వ రోజు మధ్యాహ్నం బకెట్ నిండా బురదతో బూమ్ సగంలో ఉండగా ఎర్ర లైటు వెలిగింది. ఇంజను 1200 ఆర్పీఎం దాటి లేవడం లేదు. “అన్నా, ఎంత తిప్పినా రేజ్ అవ్వట్లేదు” అని ఆపరేటర్ కిందికి దిగాడు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే కథ.

నెల్లూరు నుంచి ల్యాప్‌టాప్‌తో మెకానిక్ వచ్చాడు. కోడ్లు చూసి, ఇంజను పక్కనున్న ఫిల్టర్ డబ్బా కిందికి ఫోన్ లైటు కొట్టాడు. కొత్తగా కొట్టిన పెయింటు కింద వేలు లావున వెల్డింగ్ గీత. స్పానర్‌తో తడితే ఖాళీ బిందెలా మోగింది. విప్పి చూస్తే లోపల ఏమీ లేదు. డబ్బాని కోసి, లోపలి గూడు పీకేసి, మళ్లీ అతికారు. ఆ సంగతి ఇంజను కంప్యూటర్‌కి తెలియకుండా సెన్సార్ వైర్ల మధ్య అగ్గిపెట్టంత బాక్స్ ఒకటి టేపుతో చుట్టి పెట్టారు. మన ఉప్పుగాలికి దాని జాయింటు పచ్చగా చిలుము పట్టింది. బాక్స్ పనిచెయ్యడం ఆగగానే కంప్యూటర్ మోసం పసిగట్టి పవర్ కోసేసింది.

ఇంకో దొంగ బాక్స్ పెట్టొచ్చు, చవకలో పోతుందన్నారు. నాకు మనసొప్పలేదు. మళ్లీ నడి గుంటలో ఆగితే ఎవరిని అడగాలి? ఫిల్టర్, సెన్సార్లు, కూలీ అన్నీ కలిపి 3 లక్షల 40 వేలు. బండి 19 రోజులు షెడ్డులో ఉంది. రైతు హేచరీలో రొయ్య పిల్లకి అడ్వాన్స్ కట్టేసి ఉన్నాడు, ఆయన గుంట ఆపలేం. గంట రేటుకి వేరే బండి పెట్టి నా చేతి డబ్బుతో పూర్తి చేశాను. యార్డు అతను రెండుసార్లు ఫోన్ ఎత్తాడు, తర్వాత ఎత్తలేదు. అగ్రిమెంట్ కాగితంలో ఫిల్టర్ గురించి ఒక్క ముక్క లేదు. అక్కడ తప్పు నాదే.

ఇంతకీ ఫిల్టర్ ఉన్న బండి కొనాలా, లేనిది కొనాలా? రెండూ కొనొచ్చు. కొనకూడనిది మూడో రకం, అంటే ఫిల్టర్‌తో పుట్టి, మధ్యలో ఎవరో పీకేసిన బండి. అసలు ఫిల్టర్ లేకుండా తయారైన పాత ఇంజనుకి ఈ గొడవ లేదు, పంపు, నాజిళ్లు, కంప్రెషన్ చూసుకుంటే చాలు. మన దగ్గర తిరిగే పాత చైన్ బండ్లు చాలావరకు అలాంటివే. చక్రాల మిషన్లకు మాత్రం 2021 ఏప్రిల్ 1 నుంచి నాలుగో దశ, 2025 జనవరి 1 నుంచి ఐదో దశ ఉద్గార నిబంధనలు వచ్చాయి. ఐదో దశతో ఫిల్టర్ బండ్లు పెరుగుతాయి, రేపు సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చేవీ అవే. ఇప్పటినుంచే తెలుసుకోవడం మంచిది.

ఫిల్టర్ చేసే పని ఇదీ. లోపల తేనెపట్టు లాంటి పింగాణీ గూడు ఉంటుంది, పొగలోని మసిని అది పట్టేస్తుంది. మసి నిండాక ఇంజను కొంచెం డీజిల్ ఎక్కువ కొట్టి, ఫిల్టర్‌ని దాదాపు 600 డిగ్రీలకు వేడెక్కించి కాల్చేస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. మసి కాలిపోతుంది గానీ ఇంజనాయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, కొన్ని వేల గంటలకోసారి విప్పి శుభ్రం చేయించాలి. అందుకే తక్కువ బూడిద ఆయిల్, డబ్బా మీద సీజే-4 లేదా సీకే-4 అని ఉన్నదే పొయ్యాలి. రోడ్డు పక్కన లూజుగా అమ్మే బయోడీజిల్ జోలికి అసలు పోకండి.

పని తీరు కూడా చూసుకోండి. గుంట తవ్వకంలో ఇంజను రోజంతా లోడు మీద ఉంటుంది, ఫిల్టర్ వేడిగా ఉండి దానంతటదే సర్దుకుంటుంది. చీమకుర్తి క్వారీల్లో రాయి ఎత్తి, టిప్పర్ కోసం గంటలకొద్దీ ఊరికే స్టార్టింగ్‌లో ఉంచే పనికైతే మసి తొందరగా పేరుకుంటుంది. అలాంటి పనికి ఫిల్టర్ లేకుండా పుట్టిన బండి మేలని నా అభిప్రాయం. నిలబెట్టి రీజెన్ చేసేటప్పుడు మాత్రం గడ్డివాము, ఎండు తుప్పలు దగ్గర వద్దు, ఆ వేడికి అంటుకుంటాయి.

చూడ్డానికి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. సైలెన్సర్ గొట్టంలోకి వేలు పెట్టి తుడవండి. ఫిల్టర్ బాగున్న బండికి వేలు దాదాపు శుభ్రంగా వస్తుంది. నేను కొన్న బండికి ఆ రోజే పెట్టి ఉంటే కాటుక డబ్బాలో ముంచినట్టు వచ్చేది. డబ్బా చుట్టూ తడిమి వెల్డింగ్ అతుకులు చూడండి. దాని మీద నుంచి సెన్సార్‌కి వెళ్లే రెండు సన్నటి గొట్టాలు ఉన్నాయో, కోసేశారో చూడండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ గీత పైకి ఉండి డీజిల్ వాసన కొడితే రీజెన్లు సగంలో ఆగిపోతున్నాయని అనుమానించాలి. ఆఖర్న మీ ముందే బటన్ నొక్కించి రీజెన్ మొత్తం చేయించండి. అరగంట పట్టొచ్చు, కదలకుండా నిలబడండి. “ఇప్పుడు అవసరం లేదు సార్” అంటే బయానా ఇవ్వొద్దు. మీ మెకానిక్‌ని ల్యాప్‌టాప్‌తో తీసుకెళ్లండి. రేజ్ చేసినా ఫిల్టర్ ప్రెషర్ అంకె కదలకుండా సున్నా దగ్గరే ఉంటే లోపల గూడు లేనట్టే అనుకోండి. అన్నీ బాగుంటే “ఫిల్టర్ అసలుది, లోపల గూడు ఉంది” అని కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించండి.

ఇంకొక్క మాట. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఆ పొగ పక్కన రోజంతా కూర్చునేది మన ఆపరేటర్ కుర్రాళ్లే.

కోసి అతికిన ఆ ఖాళీ డబ్బా నా షెడ్డులోనే ఉంచాను. బండి కొనబోయేవాళ్లు వస్తే చూపిస్తాను, ఆ వెల్డింగ్ గీత మీద ఒకసారి వేలు పెట్టి చూసి వెళ్లండి.