దేశమా, గులాబీయా? యేట్స్ తొలి కవితల సంపుటి

రవీంద్రుని గీతాంజలికి 1912లో పీఠిక రాసినవాడిగానే మనలో చాలామందికి ఐరిష్ కవి విలియం బట్లర్ యేట్స్ తెలుసు. అంతకు చాలా ముందే, 1895లో, ముప్పై ఏళ్ల యేట్స్ అప్పటిదాకా తాను రాసినవాటిలో నిలవాలనుకున్నవాటిని ఏరి, చాలావాటిని తిరగరాసి, లండన్‌లో ఫిషర్ అన్విన్ ప్రచురణగా ‘పోయెమ్స్’ పేరుతో ఒక సంపుటి తెచ్చాడు. ఒక దీర్ఘ కథాకావ్యం, రెండు పద్యనాటకాలు, ‘క్రాస్‌వేస్’, ‘ది రోజ్’ అనే రెండు గుచ్ఛాలుగా చిన్న కవితలు ఇందులో ఉన్నాయి. అప్పటి ఐర్లాండ్‌లా పరాయి పాలనలో ఉన్న దేశపు కవి సౌందర్యాన్ని వెతుక్కుంటూ పోవచ్చునా అన్న ప్రశ్నకు ఇంత నిజాయతీగా జవాబు వెతికిన పుస్తకాలు అరుదని నా అభిప్రాయం.

ఆ ప్రశ్న యేట్స్‌కు ఊహలో పుట్టింది కాదు. ఆంగ్లేయుల జైలులోనూ ఆ తరువాత ప్రవాసంలోనూ ఏళ్లు గడిపి 1885లో డబ్లిన్‌కు తిరిగివచ్చిన ఐరిష్ విప్లవకారుడు జాన్ ఓలియరీ ఈ యువకుడి చేతికి వెనకటి తరపు దేశభక్తి కవి థామస్ డేవిస్ పద్యాలు ఇచ్చాడు. అవి తన జీవితాన్నే మార్చాయని చెబుతూనే, మంచి కవిత్వం మాత్రం కాదని కూడా అన్నాడు. ఈ రెండు మాటలనూ యేట్స్ ఒకేసారి నమ్మాడు. 1842లో డేవిస్‌తో కలిసి ‘ది నేషన్’ పత్రికను స్థాపించిన గావన్ డఫీ, అర్ధశతాబ్దం తరువాత ఐరిష్ పాఠకులకు పాత పద్ధతి దేశభక్తి గ్రంథాలనే అందించబూనినప్పుడు, ఆశయం గొప్పదైనంత మాత్రాన నాసిరకం పద్యం మంచిదైపోదని యేట్స్ వాదించి పెద్దలతో తగవు తెచ్చుకున్నాడు.

‘ది రోజ్’ గుచ్ఛంలోని చివరి కవితను ఆ తగవుకు జవాబుగా చదువుకోవాలి. రాబోయే కాలపు ఐర్లాండ్‌ను ఉద్దేశించిన ఈ కవితలో ఆయన తనకు ముందరి ఐరిష్ కవులు డేవిస్, మాంగన్, ఫెర్గుసన్‌ల సరసన తనకూ చోటు అడుగుతాడు. తన పుటల నిండా ఎర్ర గులాబీల అంచున్న ఒక స్త్రీమూర్తి చీరచెరగు జీరాడుతున్నంత మాత్రాన తాను వారికి తీసిపోనంటాడు. అంతటితో ఆగడు: పరుగులు తీసే ఆమె పాదాల లయకే ఐర్లాండ్ గుండె కొట్టుకోవడం మొదలైందంటాడు. సౌందర్యాన్ని దేశానికి అలంకారంగా కాక ప్రాణంగా చూపిన ఆ కవితాపాదాల దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

అదే గుచ్ఛంలోని మొదటి కవిత నాకు ఇంకా ఇష్టం. కవి సౌందర్యానికి ప్రతీకైన గులాబీని దగ్గరకు రమ్మని మళ్లీ మళ్లీ పిలుస్తాడు. అది వచ్చేలోగా, కాస్త ఎడం ఉంచమని తనే వేడుకుంటాడు. అది మరీ దగ్గరైతే చిన్న బొరియలో దాగిన పురుగూ, గడ్డిలో తన పక్కగా పరుగెత్తే ఎలుకా ఇక తనకు వినిపించవేమోనని ఆయన భయం. శాశ్వత సౌందర్యం కోసం తపించే కవికి గడ్డిలోని ఎలుక చప్పుడు కూడా కావాలి. పశ్చిమ ఐర్లాండ్‌లోని స్లైగోలో అమ్మమ్మ ఇంట పెరుగుతూ విన్న గాథలు, చూసిన నేల ఆయనను వదలలేదు. ఆయన దేశభక్తి వేళ్లు ఇక్కడున్నాయని నేననుకుంటాను. మరొక కవితలో ట్రాయ్ నగర దహనాన్నీ, ఐరిష్ గాథలలోని ఉష్నా కుమారుల మరణాన్నీ పక్కపక్కనే నిలుపుతాడు. తమ గాథలు గ్రీకు గాథలతో సమానమని వాదించే పనే పెట్టుకోకుండా ఒక్క వాక్యంలో సమానం చేసేస్తాడు.

పుస్తకమంతా ఈ స్థాయిలో లేదు. ఐరిష్ గాథల వీరుడు అషీన్ మూడు మాయా దీవులలో మూడు వందల ఏళ్లు గడిపివచ్చే కథాకావ్యంలో మొదటి రెండు భాగాలు వర్ణనల బరువుతో నడక మందగించాయి; నిద్రించే దీవిని వర్ణించే మూడో భాగపు దీర్ఘ పాదాలకే కథకు తగిన లయ కుదిరింది. ఆకలితో అలమటించే ప్రజల కోసం తన ఆత్మను అమ్ముకునే ‘కౌంటెస్ కాథ్లీన్’ నాటకంలో త్యాగం కదిలిస్తుంది గాని ఆకలి కళ్లకు కట్టదు. పాలిపోయిన, మసకబారిన అన్న అర్థాల విశేషణాలు పుట పుటకూ ఎదురై విసుగు పుట్టించే మాట కూడా నిజం.

కొనదలచినవారు ఏ పాఠమో చూసుకోవాలి. యేట్స్ జీవితాంతం ఈ కవితలను దిద్దుతూనే ఉన్నాడు. ‘ది సారో ఆఫ్ లవ్’ను 1925 నాటికి దాదాపు కొత్త కవితగా మార్చేశాడు, తరువాతి సమగ్ర సంపుటాలలో సాధారణంగా కనిపించేది ఆ మారిన రూపమే. ప్రౌఢకవి చేతి బిగువు కోరేవారికి అది చాలు. ఓలియరీ శిష్యుడైన ఆ యువకుడినే కలుసుకోవాలంటే తొలి ముద్రణల పాఠాన్ని యథాతథంగా ఇచ్చే ప్రతిని ఎంచుకోవాలి. కథాకావ్యాన్ని తరువాతకు ఉంచుకుని ‘ది రోజ్’ గుచ్ఛంతో మొదలుపెట్టాలి.