మాంటరే కార్ల వారం: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఊరికే ఏం చూడొచ్చు

కాలిఫోర్నియా తీరంలోని మాంటరే ద్వీపకల్పం ఏటా ఆగస్టు మధ్యలో ఒక వారం పాటు పాత కార్ల వశమైపోతుంది. పెబుల్ బీచ్ పచ్చికమీద జరిగే కార్ల అందాల పోటీ గురించే అందరూ చెబుతారు. దాని టికెట్ మనిషికి 500 డాలర్ల పైమాటే. నాకు బాగా నచ్చినవాటిలో రెండింటికి మాత్రం అసలు టికెట్టే లేదు.

మేం నలుగురం వెళ్లాం: నేను, మా బావగారు, ఫ్రీమాంట్‌లో స్థిరపడిన వరంగల్ మిత్రుడు, అతని కాలేజీ నాటి రూమ్మేటు. నలుగురికీ పాత స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉంది కానీ ఒకరి పిచ్చి మరొకరికి పట్టదు. బావగారికి మెరిసే క్రోమియం కావాలి, నాకు తిరిగే ఇంజను కావాలి. కాబట్టి ఇక్కడ వేసిన మార్కులు నావి. ఆయన్ని అడిగితే తారుమారు చేస్తారు.

ముందు బస సంగతి. ఆ వారం మాంటరే, కార్మెల్, పసిఫిక్ గ్రోవ్ ఊళ్లలో గది దొరకడం ఒక ఎత్తు, దాని ధర విని తట్టుకోవడం ఒక ఎత్తు. మిగతా రోజుల్లో చవగ్గా ఇచ్చే మోటెళ్లు కూడా ధర ఎన్నో రెట్లు పెంచి, కనీసం మూడు రాత్రులు ఉండాలని షరతు పెడతాయి. మేం సాలినస్‌లో దిగాం. అక్కడి నుంచి మాంటరే అరగంట దారి, ఉదయం ఏడు దాటితే గంట. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లకు లోటు లేదు. కానీ బుక్ చేసినప్పుడు లేని ఒక ‘ప్రత్యేక వారపు రుసుము’ కౌంటర్ దగ్గర పుట్టుకొచ్చింది. బావగారు పాత ఈమెయిల్ తీసి చూపించి, అరగంట వాదించి సగం తగ్గించారు. మొత్తం ధర ఎంతో ముందే రాతలో తీసుకోండి. ఫలహారం ఏడింటికి పెడతారట. ప్రదర్శనలకు వెళ్లేవాళ్లు ఐదున్నరకే బయలుదేరతారు కాబట్టి అది మాకు అక్కరకు రాలేదు.

అయినా ఆ మోటెల్‌నే మళ్లీ ఎంచుకుంటాను. కారణం దాని ఆవరణ. ట్రెయిలర్ల మీద కార్లు తెచ్చుకున్న చిన్న యజమానులందరూ అక్కడే దిగుతారు. రాత్రి పది గంటలకు ఒక పెద్దాయన టార్చిలైటు పళ్లతో పట్టుకుని తన ఎమ్‌జీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు పెట్రోలునూ గాలినీ కలిపే కార్బ్యురేటర్లు విప్పుతుంటే చుట్టూ చేరాం. అవి ఎస్‌యూ కార్బ్యురేటర్లు. మన అంబాసిడర్‌కూ ఆ కంపెనీవే ఉండేవి. ఇంజను కూడా దూరపు చుట్టం కాదు: అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ ఇంజను, ఎమ్‌జీబీలోని 1798 సీసీ ఇంజను బ్రిటన్ కార్ల కంపెనీ బీఎమ్‌సీ తయారుచేసిన ఒకే బీ-సిరీస్ కుటుంబానివి. తెనాలిలో నాన్నగారి ట్యాక్సీ కింద దూరి పెరిగిన బావగారు చొక్కా చేతులు మడిచి, కార్బ్యురేటర్ లోపలి సూదిని ఎంత దించాలో సైగలతో చెప్పారు. మర్నాటి నుంచి ఆయన మాకంటే ఆ పెద్దాయనతోనే ఎక్కువసేపు గడిపారు.

బుధవారం పసిఫిక్ గ్రోవ్ ప్రధాన వీధిలో జరిగే చిన్న కార్ల ప్రదర్శన టికెట్ లేనివాటిలో మొదటిది. చిన్న ఇంజను, పాతికేళ్లు దాటిన వయసు, అంతే అర్హత. తాళ్లూ కాపలాదారులూ లేరు. యజమాని మడతకుర్చీ వేసుకుని కారు పక్కనే కూర్చుంటాడు, అడిగితే బానెట్ ఎత్తుతాడు. 1958లో వచ్చిన ఆస్టిన్ హీలీ స్ప్రైట్‌కు కప్పకళ్లలాంటి దీపాలు, 948 సీసీ ఇంజను, వెనుక డిక్కీకి తలుపే లేదు. సామాను సీట్ల వెనక నుంచి తోయాల్సిందే.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. 1962లో వచ్చిన ఈ రెండు సీట్ల కారును ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసి కట్టారు. రెండిటి రూపమూ ఇటలీకి చెందిన మికెలోట్టీ గీసిందే. ఆ హెరాల్డే మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారై మన రోడ్లమీద తిరిగింది. ముందు చక్రాల మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం ముందుకు ఒరిగే ఏర్పాటు హెరాల్డ్‌లో ఎలా ఉండేదో ఇక్కడా అలాగే ఉంది. వెనుక ఇరుసు మీద అడ్డంగా వేసిన ఒకే ఒక్క పట్టాల స్ప్రింగు కూడా అంతే. మలుపులో వేగంగా తిప్పి, భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనుక చక్రం లోపలికి ముడుచుకుని కారు గిరికీ కొడుతుందట. యజమానురాలు అది చేతులతో అభినయించి మరీ చూపించింది. ఇలాంటి సంభాషణ పెబుల్ బీచ్‌లో దొరకదు.

లగూనా సెకా రేసు ట్రాక్ గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే. పెబుల్ బీచ్‌లో 1950 నుంచి అడవి దారుల్లో కార్ల పందేలు జరిగేవి. మొదటి ఏడాది గెలిచింది జాగ్వార్ ఎక్స్‌కే120 నడిపిన ఫిల్ హిల్. 1956లో ఎర్నీ మెకఫీ ఫెరారీ చెట్టును ఢీకొని అతను చనిపోవడంతో ఆ పందేలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది సైన్యపు భూమిలో ఈ ట్రాక్ వెలిసింది. కార్ల వారంలో ఇక్కడ పాత రేసు కార్లు నిజంగానే పోటీపడి పరిగెడతాయి. టికెట్ పెబుల్ బీచ్ టికెట్‌లో మూడో వంతు కూడా కాదు. అన్నిటికన్నా ముఖ్యం, కార్లను విప్పి సిద్ధం చేసే ప్యాడక్ అంతటా మనం తిరగొచ్చు. గేర్‌బాక్స్ నేలమీద పెట్టుకుని దిగులుగా చూస్తున్న మెకానిక్ పక్కనే కొన్ని లక్షల డాలర్ల పోర్షా వేడెక్కుతూ ఉంటుంది. ఒకచోట గాలిలో తెలిసిన వాసన వచ్చింది. ఆముదం! పాతకాలపు రేసు ఇంజన్లలో ఆముదం నుంచి తీసిన నూనె వాడేవారు, ఇప్పటికీ కొందరు అదే పోస్తారు. నిజానికి నేను చెప్పేదాకా మిగతా ముగ్గురూ అది ఎవరి తలకు రాసుకున్నదో అని వెతుకుతున్నారు.

ట్రాక్ చుట్టూ కొండలే. కార్క్‌స్క్రూ అనే మలుపు దగ్గరికి ఎక్కడానికి కాళ్లు పీకుతాయి కానీ మానొద్దు. అక్కడ దారి 137 మీటర్ల దూరంలోనే 18 మీటర్లు కిందికి పడిపోతుంది, అదీ ఎడమకు తిరిగి, వెంటనే కుడికి తిరుగుతూ. అంచు దాటేదాకా డ్రైవరుకు రోడ్డు కనబడదు. 1996లో రేసు డ్రైవర్ జనార్డీ చివరి ల్యాప్‌లో తన ప్రత్యర్థి హెర్టాను దాటింది ఇక్కడే, ట్రాక్ వదిలి మట్టిలోకి దిగి మరీ. ఏడు లీటర్లకు పైబడిన ఇంజన్లతో కాన్-యామ్ అనే పందేల్లో పరిగెత్తిన మెక్‌లారెన్ కార్లు అక్కడ దిగుతుంటే శబ్దం ఛాతీలో తగులుతుంది. చెవుల్లో పెట్టుకునే దూది కాదు, సరైన ఇయర్ ప్లగ్గులే తీసుకెళ్లండి. నా మనసు దోచింది మాత్రం డాట్సన్ 510. బడ్జెట్ కుటుంబాల కోసం చేసిన ఆ డబ్బా కారు 1971, 72లలో ట్రాన్స్-యామ్ పందేల్లో రెండున్నర లీటర్ల లోపు విభాగాన్ని గెలిచింది.

సౌకర్యాలు పరవాలేదు. మరుగుదొడ్లు సరిపడా ఉన్నాయి, తాగునీళ్లకు వరుస కట్టాలి, నీడ లేదు. తిండి ధరకూ రుచికీ సంబంధం లేదు. మేం తెచ్చుకున్న పులిహోర అక్కడ మమ్మల్ని కాపాడింది. హైవే 68 ఎక్కువ భాగం రెండే వరుసల రోడ్డు, ఉదయం తొమ్మిదికి కదలదు. ఏడుకల్లా గేటు దగ్గరుండాలి. ఒక జాగ్రత్త: తీరంలో పొద్దున్నే పొగమంచు, స్వెట్టర్ చలి. అదే రోజు మధ్యాహ్నం ట్రాక్ దగ్గర మాడ్చే ఎండ.

శనివారం ఉదయం సీసైడ్‌లో జరిగే లెమన్స్ ప్రదర్శనకూ టికెట్ లేదు. తుప్పు, వైఫల్యం, వికారం పోటీపడే చోటు అది. గంట సరదా, అంతకుమించి అక్కర్లేదు. వేలంపాటల జోలికి మేం పోలేదు. 2018లో ఇక్కడే ఒక ఫెరారీ 250 జీటీఓ 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. ఆ గదిలో మనం చేయగలిగింది చేతులు కట్టుకుని కూర్చోవడమే.

ఇక ఆదివారం. బావగారి పట్టుమీద పెబుల్ బీచ్ టికెట్లు కొన్నాం. తెల్లవారకముందే వెళ్లి, సముద్రపు మంచులోంచి కార్లు ఒక్కొక్కటే గోల్ఫ్ మైదానం పద్దెనిమిదో గుంట పచ్చికమీదికి రావడం చూడగలిగితే సగం డబ్బు వసూలైనట్టే. ఎనిమిదిన్నర తర్వాత వచ్చేవాళ్లు ఆ మంచి భాగం పోగొట్టుకుని అదే డబ్బు కడుతున్నారు. పదింటికల్లా జనం పెరిగి కారు కన్నా టోపీలే ఎక్కువ కనిపిస్తాయి. యజమానులు మర్యాదస్తులే కానీ చాలామంది కారు గురించి కాక దాని కాగితాల గురించి మాట్లాడతారు. న్యాయంగా ఒక మంచి మాట చెప్పాలి. గురువారం ఈ కార్లలో చాలావి రోడ్డు యాత్రకు వెళతాయి, దాన్ని రోడ్డు పక్కన నిలబడి ఊరికే చూడొచ్చు. మార్కులు సమానమైతే ఆ యాత్ర పూర్తిచేసిన కారుకే బహుమతి. 2024లో అగ్ర బహుమతి, అక్కడి చరిత్రలో మొదటిసారి, కొత్త మెరుగులు దిద్దకుండా పాతదనం కాపాడుకున్న కారుకు దక్కింది: ఒకప్పుడు బెల్జియం రాజు లియోపోల్డ్ దగ్గరున్న 1934 బుగాటీ టైప్ 59. అది చెప్పినప్పుడల్లా బావగారు మాట మారుస్తారు.

భోజనాల్లో సాలినస్ మెక్సికన్ కొట్లదే పైచేయి. పది డాలర్ల పైచిలుకుతో కడుపు నిండుతుంది, పచ్చిమిర్చి సాల్సా నిజంగానే కారంగా ఉంటుంది. మాంటరే రేవులో సముద్రం చూపించి మూడింతలు తీసుకున్నారు, ఉప్పు మాత్రం మరిచారు.

వచ్చే ఏడాదికి మా లెక్క ఇది: ఫిబ్రవరిలోపు సాలినస్‌లో గదులు, బుధవారం పసిఫిక్ గ్రోవ్, గురువారం రోడ్డు పక్కన యాత్ర, శుక్ర శనివారాలు రెండూ లగూనా సెకా. ఆదివారం బావగారు ఒక్కరే పచ్చికమీదికి వెళతారు. మేం ముగ్గురం పొద్దున్నే బయలుదేరి, కాస్ట్రోవిల్‌లో వేయించిన ఆర్టిచోక్ పూమొగ్గలు తిని, ట్రాఫిక్ పట్టుకోకముందే ఇల్లు చేరతాం. ఆయన ఎవరి కారులో తిరిగొస్తారన్నది ఆ ఎమ్‌జీబీ పెద్దాయనతో ఇప్పటికే మాట్లాడేసుకున్నారట.