మార్టేరు 7029: తెల్ల ట్యాగు బస్తా

నిరుడు సార్వాకి, అంటే వానాకాలం పంటకి, టౌన్లో ఒక కొట్టువాడు 7029 రకం వరి అని చెప్పి అంటగట్టిన విత్తనం వేశానండి. ఈనిక టైముకి చూస్తే చేనంతా కేళీలు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు), పక్క దుబ్బుకంటే జానెడు పైకి తల ఎత్తుకుని నిలబడ్డాయి. రెండుసార్లు మనుషుల్ని పెట్టి ఏరించాను. సంచికి ట్యాగు లేదు, బిల్లేమో తెల్లకాగితం మీద. తప్పు నాది కూడా.

అందుకని ఈసారి నేరుగా మార్టేరు వరి పరిశోధన స్థానానికే వెళ్లి రెండు బస్తాలు తెచ్చుకున్నాను. ఫౌండేషన్ విత్తనం, తెల్ల ట్యాగు. (నీలం ట్యాగైతే సర్టిఫైడ్. బంగారు పసుపుది బ్రీడర్ విత్తనం, అది విత్తనాలు పెంచేవాళ్లకే.) ఇంటికొచ్చి వంద గింజలు లెక్కపెట్టి తడిగోనెలో చుట్టి ఉంచితే నాలుగోరోజుకి 94 మొలిచాయి. సర్టిఫైడ్ విత్తనానికి 80 వస్తే చాలు.

ఆ స్టేషన్ 1925లో, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో పెట్టింది. అప్పట్లో మావైపు కృష్ణకాటుకలు, అక్కుళ్లు అనే పాత వరి రకాలే. తరవాత మలేషియా నుంచి మసూరి వచ్చింది. మా నాన్న అది వేసిన రోజులు నాకు గుర్తే. దిగుబడి బాగానే ఉండేది గానీ కార్తీకంలో ఒక్క గాలి కొడితే చాప పరిచినట్టు పడుకునేది, కోతకి మనిషి వంగలేక చచ్చేవాడు. ఆ మసూరినే వశిష్ట అనే రకంతో కలిపి మార్టేరువాళ్లు పొట్టి రకం తీశారు. అదే స్వర్ణ, ఎంటీయూ 7029. 1982లో వదిలారు. ఇవాళ ఒడిశా, బెంగాల్లో కూడా స్వర్ణ అంటే ఇదే. మునిగినా రెండు వారాలు తట్టుకునే స్వర్ణ సబ్-1 కూడా దీన్లోంచి వచ్చిందే.

నా చేలో ఈ ఏడు కేళీలు వెతికి చూస్తే ఎకరానికి పదో పదిహేనో. యూరియా తక్కువ అడుగుతుంది. ఆకు పచ్చగా లేదేమిటని పక్కవాణ్ని చూసి ఇంకో కట్ట చల్లారంటే వరిని పీల్చే సుడిదోమని పిలిచినట్టే. దోమపోటుకి ఇది ఆగదు, ఆ భయం ఉన్నవాళ్లు ఎంటీయూ 1064 రకం వేసుకోండి. ఇంకో లోటు, 150 రోజుల పంట. నారు ఆలస్యమైతే కోత తుపాన్లలో పడుతుంది, రెండో పంట దాళ్వా వెనక్కి పోతుంది. నాకు ఎకరానికి 34 బస్తాలయ్యాయి, 75 కిలోలవి.

తినడానికి మాత్రం మా ఆవిడ ఒప్పుకోదు. "ఆ లావు బియ్యం అట్లకి పనికొస్తాయి, అన్నానికి బాపట్లవే" అంటుంది. అంటే 5204, సాంబ మసూరి. అరెకరం దానికి వదిలేశాను.

తెల్ల ట్యాగు చింపి పారేయకుండా బీరువాలో పెట్టాను. వచ్చే సార్వాకి మళ్లీ మార్టేరే.