అప్పు చేసి చదవాలంటే అమెరికానా, జర్మనీయా?

అమెరికాలో రెండేళ్ల ఎంఎస్‌కి ఫీజు, ఖర్చులు కలిపి చాలామందికి 40 లక్షలు దాటుతోంది. నాన్న ఇల్లు తాకట్టు పెడితేనే లోన్ వచ్చిన పిల్లలకు అక్కడ నిద్ర పట్టదు. చదువయ్యాక స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సు వాళ్లకు ఓపీటీ, అంటే అక్కడే పనిచేసుకునే అనుమతి, మూడేళ్ల దాకా ఉంటుంది, నిజమే. కానీ మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆ రోజులు లెక్కపెట్టుకుంటూ ఇంటికి ఫోన్ చేసి "అంతా బాగుందమ్మా" అనే టెన్షన్ మామూలుది కాదు. ఉద్యోగం దొరికినా హెచ్-1బీ అనే వర్క్ వీసాకి లాటరీ మిగిలే ఉంటుంది. దొరికి నిలబడితే మాత్రం, ఆ జీతంతో అప్పు తీరినంత త్వరగా ఇంకెక్కడా తీరదు.

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవాళ్లు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. వీసాకి, ముందే డబ్బు వేసి నెలకింత అని తీసుకునే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అది ఫీజు కాదు, నెలనెలా మన ఖర్చులకే తిరిగొచ్చే డబ్బు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు.

చిక్కల్లా భాషతోనే. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా చాలా కంపెనీలు జర్మన్ అడుగుతాయి.

ఇల్లు తాకట్టు పెట్టాల్సొస్తే నా ఓటు జర్మనీకే. బీటెక్ చివరి ఏడాదిలోనే భాష మొదలుపెట్టండి. అక్కడికెళ్లాక పరీక్షలు, పార్ట్‌టైమ్ పనుల మధ్య బీ1 (జర్మన్‌లో మధ్యస్థాయి) దాటడం చాలా కష్టం.