విమానం మీద మెరుపు: ఓర్వకల్లు ఫొటోలా, ఆటతో వచ్చిన ఆకాశమా?

ఏటీఆర్ 72 అనే చిన్న ప్రయాణికుల విమానానికి నచ్చిన రంగులు వేసి ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఓర్వకల్లులో దించడం మన కర్నూలు కుర్రాళ్లకు సరదా. రంగుల దాకా బాగానే నడుస్తుంది. బాడీ మెరవాలంటేనే టెన్షన్: ఆటతో వచ్చిన రిఫ్లెక్షన్ (బాడీ మీద పడే ప్రతిబింబం) వాడాలా, సొంతంగా చేసుకోవాలా?

2006 నాటి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ (ఎఫ్‌ఎస్‌ఎక్స్) సంగతే చూద్దాం, పాత కంప్యూటర్లలో హాయిగా నడిచేది అదే కాబట్టి. అందులో విమానం మీద కనిపించే నేలా ఆకాశమూ ముందే చేసి పెట్టిన బొమ్మ. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో నిలబడి చుట్టూ ఫొటోలు తీసి, ఫొటోలు కలిపే హ్యూగిన్ సాఫ్ట్‌వేర్‌లో అతికించి, పైన, కింద, నాలుగు పక్కల దృశ్యాలుండే ఆరు ముఖాల క్యూబ్ మ్యాప్‌గా కోసి, డీడీఎస్ అనే బొమ్మల ఫార్మాట్‌లో సేవ్ చేస్తే మన రాళ్లే రెక్కల మీద మెరుస్తాయి. అదిరిపోతుంది, నేల మీద ఉన్నంతసేపు. విశాఖ దగ్గర సముద్రం మీద ఎగురుతున్నా పొట్ట కింద అవే రాళ్లు! అందుకని బాగా బ్లర్ చేసి, కింద మట్టిరంగు, పైన లేత నీలం మాత్రమే మిగల్చాలి. అంత చేశాక ఆటలోని మ్యాప్‌కూ దీనికీ తేడా కాస్త రంగు ఛాయే. ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు) లాక్ చేయకుంటే అతుకుల దగ్గర గీతలు అదనం. పైగా గ్లోబల్ మ్యాపే, అంటే ఆటతో వచ్చినదే, వాడమని విమానం మోడల్ ఫైల్‌లో ఉంటే, మన ఫైల్‌ను అది పట్టించుకోదు.

నన్నడిగితే ఆ శ్రమ ఆల్ఫా ఛానెల్, అంటే రంగుల ఫైల్‌లో ఉండే నలుపు-తెలుపు పొర మీద పెట్టడం మేలు. ఎక్కడ ఎంత మెరవాలో చెప్పేది అదే. మామూలుగా నలుపు పెరిగేకొద్దీ మెరుపు పెరుగుతుంది. ఏటీఆర్ పెయింట్‌కు తెలుపుకు దగ్గరగా ఉండే బూడిదరంగు చాలు. రెక్కల ముందంచున మంచును వదిలించే నల్ల రబ్బరు పట్టీ ఉంటుంది చూడండి, అక్కడ పూర్తి తెలుపు వేయాలి. ఆ ఒక్క పట్టీ మెరవడం ఆగితే చాలు, విమానం ప్లాస్టిక్ బొమ్మలా కనిపించడం మానేస్తుంది.

కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (ఎంఎస్‌ఎఫ్‌ఎస్) 2020 ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు. చుట్టూ ఉన్న దృశ్యాన్ని ఆటే ప్రతిబింబిస్తుంది. మెరుపు వివరాలుండే కాంప్ టెక్స్చర్ ఫైల్‌లో ఆకుపచ్చ ఛానెల్‌కు గరుకు, నీలానికి లోహం ఎంతో చెబితే సరి.

పెయింట్ వేసిన ఏటీఆర్‌కైతే ఆటతో వచ్చిన మ్యాపే ఉంచేయండి. పెయింట్ లేని అల్యూమినియం బాడీ ఉన్న పాతకాలపు డీసీ-3 విమానం లాంటిదైతే మాత్రం సొంత మ్యాప్ చేసుకోండి. దాని ఒళ్లంతా అద్దమే కాబట్టి, ఆ కాస్త రంగు ఛాయ కూడా ముక్కు నుంచి తోక దాకా కనిపిస్తుంది.