పేక ముక్కలా, ఊనోనా, శుభలేఖల అట్టలా: పిల్లల లెక్కలకు ఏది మేలు?

వేసవి సెలవులొస్తే తిరుపతి ఎండకు పిల్లలు సాయంత్రం దాకా గడప దాటలేరు. ఫోన్ ఇవ్వకూడదనుకుంటే చేతికి ఇంకేదో ఒకటి ఇవ్వాలి. బైరాగిపట్టెడలో నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చేవాళ్లలో లెక్కలంటే టెన్షన్ పడే పిల్లలే ఎక్కువ. వాళ్ల కోసం మామూలు పేక, ఊనో అనే రంగు ముక్కల ఆట, పాత శుభలేఖలు కత్తిరించి చేసిన నంబరు కార్డులు, మూడూ వాడుతున్నాను. లెక్కల వరకే అడిగితే పేకే మేలంటాను.

ఏడు ముక్క మీద 7 అంకె ఉంటుంది, ఏడు గుర్తులూ ఉంటాయి. అంకె ఏదో, అదెంతో పిల్లలకు ఒకేచోట కనబడుతుంది. మొన్న ఒకటో తరగతి పాపకు కళావరు ఎనిమిది, ఆఠీను ఐదు పడ్డాయి. వేళ్లు మడవబోయి ఆగింది. ఐదు ముక్కలో పైనున్న రెండు ఆఠీన్లను రెండు వేళ్లతో మూసేసి, "ఈ రెండూ ఎనిమిదికిచ్చేస్తే పది, ఇంకా మూడున్నాయి... పదమూడు మిస్!" అంది. పది చేసి కూడడం బోర్డు మీద ఎన్నోసార్లు చెప్పిందే. అయినా ఆ పాపకు అది దొరికింది ముక్క మీదే.

ఆట చాలా తేలిక. రాజు, రాణి, జాకీ తీసేసి ఆసును ఒకటి అనుకుంటే 40 ముక్కలు మిగులుతాయి. ఇద్దరికీ చెరి సగం పంచాలి. ఒక్కొక్కరు రెండేసి ముక్కలు తిప్పి కూడాలి, ఎక్కువ వచ్చినవాళ్లు నాలుగూ తీసుకుంటారు. కూడిక బాగా వచ్చాక తీసివేత పెట్టండి. ఆరో తరగతికొచ్చాక ఇదే పేకలో నల్లవి ప్లస్, ఎర్రవి మైనస్. ఇస్పేటు 4, డైమండు 9 పడితే మైనస్ 5. పుస్తకంలో రుణసంఖ్యలు చూసి బెదిరే పిల్లలు ఇక్కడ పోట్లాడి మరీ చెబుతారు.

ఊనో 1971లో అమెరికాలో పుట్టింది. నాలుగు రంగులు, 0 నుంచి 9 దాకా అంకెలు. మనం వేసే ముక్క పైనున్న ముక్కతో రంగైనా కలవాలి, అంకైనా కలవాలి. 7 పెద్దదో 4 పెద్దదో తెలియని పిల్లాడు కూడా హాయిగా గెలిచేస్తాడు. అందుకే లెక్కలకు దీన్ని నమ్ముకోలేం. ఇందులో లెక్కంతా ఆట చివర మార్కులు వేసేటప్పుడే ఉంది: అంకె ముక్కకు అంకెంతో అంత, స్కిప్, రివర్స్, డ్రా టూ అనే ప్రత్యేక ముక్కలకు 20, ఏ రంగు మీదైనా వేయగల వైల్డ్ ముక్కలకు 50, ముందుగా 500 చేరినవాళ్లు గెలిచినట్టు. చాలా ఇళ్లలో ఆ మార్కులే రాయరు. నోటుబుక్కు పెట్టి పిల్లలతోనే రాయిస్తే మూడో తరగతికి మంచి కూడికలవుతాయి.

2008లో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు అమెరికాలో బడికి వెళ్లే ముందు వయసు పిల్లలపై చేసిన ఒక అధ్యయనం వెలువడింది. అది బోర్డు ఆటల మీద. 1 నుంచి 10 దాకా అంకెలున్న బోర్డుతో ఆడిన పిల్లలకు సంఖ్యల మీద పట్టు పెరిగింది. అంకెల బదులు రంగులున్న బోర్డుతో ఆడినవాళ్లకు పెరగలేదు. ఊనో గురించి నాకున్న అభిప్రాయం దీంతో ఇంకా గట్టిపడింది.

అయితే తన వంతు దాకా ఆగడం, ఓడినా ఏడవకపోవడం, అన్నాతమ్ముళ్లు కొట్టుకోకుండా కూర్చోవడం, వీటికి ఊనోయే మేలు. ఐదారుగురు కలిసి ఆడొచ్చు, ఐదు నిమిషాల్లో అవ్వకు కూడా వచ్చేస్తుంది.

ఇక అసలు చిక్కు. "పిల్లల చేతికి పేకా?" అని చాలా ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. పేకాటలో పొలాలు పోగొట్టుకున్నవాళ్లు మన చిత్తూరు పల్లెల్లోనూ ఉన్నారు. రమ్మీలో మంచి లెక్కుందని తెలుసు: ఒకే గుర్తువి మూడు ముక్కలు వరసగా కలపాలంటే, చేతిలో 5, 6 ఉంటే 4 వచ్చినా 7 వచ్చినా సరే, 5, 7 ఉంటే 6 ఒక్కటే దిక్కు. సంభావ్యత పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. అయినా 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాల్సినంత దాకా వచ్చింది సంగతి. కాబట్టి పిల్లలకు రమ్మీ నేర్పను, ఏ ఆటలోనూ చింతగింజలు కూడా పందెం పెట్టనివ్వను.

అవ్వ వద్దంటే వాదించకండి, శుభలేఖల అట్టలు తీయండి. అంకెతోపాటు చుక్కలు తప్పకుండా పెట్టాలి, లేకపోతే పేకకున్న బలం వీటికి రాదు. పేకలో లేని సున్నా, 11 నుంచి 20, అర, పావు కూడా రాసుకోవచ్చు. ఇబ్బందల్లా వెనకవైపే. ఒక అట్ట మీద వినాయకుడి బొమ్మ, ఇంకోదాని మీద మడత ఉంటే పిల్లలు వెనక చూసే కనిపెట్టేస్తారు, జతలు వెతికే జ్ఞాపకశక్తి ఆట ఇక సాగదు. ఒకే పెళ్లివి మిగిలిపోయిన శుభలేఖలు దొరికితే ఆ బాధ ఉండదు.

నాలుగైదేళ్ల పిల్లలుంటే ముందు అట్టలు చేయండి, 5 దాకా చాలు. ఒకటో తరగతి నుంచి పేక. నలుగురైదుగురు పిల్లలు చేరే ఇల్లయితే ఊనో కూడా కొనండి. రెండు ముక్కలు గుణించే ఆట మాత్రం ఐదో ఎక్కం దాకా నోటికి వచ్చాకే మొదలుపెట్టండి. అప్పుడూ మొదట్లో 5 దాకా ఉన్న ముక్కలే ఉంచి, మిగతావి పక్కన పెట్టేయండి.