మౌంట్ ఎయిరీ, గేలాక్స్, క్లిఫ్‌టాప్: గుడారం ఎక్కడ వేస్తే మేలు?

తూర్పు అమెరికాలోని అపలాచియన్ కొండల ఫిడిల్ (వయొలిన్), బాంజో (డోలులాంటి గుండ్రటి కుండ ఉన్న తీగ వాయిద్యం) సంగీతాన్ని అది పుట్టి పెరిగిన చోటే వినాలనుకునేవాళ్లకు వేసవిలో మూడు పెద్ద మేళాలు దొరుకుతాయి. జూన్ మొదటి వారాంతంలో నార్త్ కరొలైనాలోని మౌంట్ ఎయిరీ, జూలై ఆఖరు లేదా ఆగస్టు మొదట్లో వెస్ట్ వర్జీనియాలోని క్లిఫ్‌టాప్, ఆగస్టు రెండో వారంలో వర్జీనియాలోని గేలాక్స్. షార్లెట్, రాలీ, ఉత్తర వర్జీనియా ప్రాంతాల్లో స్థిరపడిన మనవాళ్లకు మూడూ కారులో పోయి రాగల దూరమే. మూడు చోట్లా పోటీలు ఉంటాయి, మూడు చోట్లా జనం గుడారాలు వేసుకుని, ఆర్‌వీలు (పడక, వంటగది ఉన్న బండ్లు) నిలుపుకుని రాత్రిళ్లు అక్కడే గడుపుతారు. ప్రకటనలు చదివితే మూడూ ఒకే రకంగా కనిపిస్తాయి. వెళ్తే మాత్రం తేడా మొదటి రాత్రే తెలిసిపోతుంది.

ముందు ఒక సంగతి. ఈ మేళాల్లో వేదిక మీద జరిగేది సగమే. మిగతా సగం, చాలామందికి అసలు సగం, గుడారాల మధ్య జరుగుతుంది. చీకటి పడ్డాక నలుగురైదుగురు కుర్చీలు దగ్గరకు లాక్కుని, ఒకే బాణీని పది పదిహేను సార్లు తిప్పి తిప్పి వాయిస్తారు. దీన్నే జామ్ అంటారు. కాబట్టి ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడానికి బహుమతుల జాబితా చూసి లాభం లేదు. రాత్రి పదింటికి మీ గుడారం చుట్టూ ఏ సంగీతం వినిపిస్తుంది, అందులో మీకు చోటు దొరుకుతుందా అన్నదే చూసుకోవాలి.

ఏ సంగీతం అనడానికి కారణం ఉంది. ఇక్కడ రెండు పాయలున్నాయి. ఓల్డ్‌టైమ్‌లో ఫిడిల్, బాంజో కలిసి ఒకే బాణీ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా సాగుతాయి. ఎవరి వంతు అంటూ ఉండదు. గిటార్, బాస్ కింద లయ మోస్తాయి. బాంజోను గోరు కిందికి కొడుతూ, బొటనవేలితో పొట్టి అయిదో తీగను మీటే క్లాహామర్ పద్ధతిలో వాయిస్తారు. బ్లూగ్రాస్ 1940ల్లో రూపు కట్టిన సంగీతం. వేగం ఎక్కువ, బాంజో మూడు వేళ్ల మీటు, ఒక్కొక్కరూ వంతులవారీగా ముందుకొచ్చి తమ పనితనం చూపిస్తారు. కొత్తగా నేర్చుకునేవాడు ఓల్డ్‌టైమ్ జామ్‌లో అంచున కూర్చుని మెల్లగా కలిసిపోవచ్చు. బ్లూగ్రాస్‌లో వంతు వచ్చినప్పుడు చేతిలో సరుకు ఉండాలి.

మౌంట్ ఎయిరీ: రెండు రాత్రులకు సరిపోయేది

1972లో మొదలైంది. ఊళ్లోని వెటరన్స్ మెమోరియల్ పార్కులో శుక్ర, శనివారాలు జరుగుతుంది. ఈ ఊరి పక్కనే ఉన్న రౌండ్ పీక్ అనే చిన్న ప్రాంతం ఓల్డ్‌టైమ్ లోకంలో ఒక సంగీత ఘరానాతో, అంటే సొంత శైలి ఉన్న గురుపరంపరతో, సమానం. టామీ జారెల్ (1901–1985) ఈ చుట్టుపక్కలవాడే. రోడ్ల శాఖలో గ్రేడర్ నడిపి రిటైరైన ఆయన దగ్గర ఫిడిల్ నేర్చుకోవడానికి దేశం నలుమూలల నుంచి కుర్రవాళ్లు వచ్చి ఇంట్లో దిగేవారు. మెట్లు (ఫ్రెట్లు) లేని బాంజో, గట్టిగా కొట్టే విల్లు, ఫిడిల్‌ను వదలకుండా వెంటాడే బాంజో ఈ శైలి లక్షణాలు. ఆ వాయింపు ఇప్పటికీ ఈ పార్కు గుడారాల్లో వినిపిస్తుంది.

పార్కు ఊళ్లోనే కనుక మరచిపోయిన సామాను పది నిమిషాల్లో కొనుక్కోవచ్చు. షార్లెట్ నుంచి సుమారు రెండు గంటలు, రాలీ నుంచి రెండుంపావు గంటల డ్రైవు. శుక్రవారం సగం రోజు సెలవు పెడితే చాలు. ఇబ్బంది ఎండ. జూన్‌లో పగలు ముప్పై డిగ్రీలు దాటుతుంది. నీడ ఉన్న చోట్లను ముందొచ్చినవాళ్లు పట్టేసుకుంటారు. ఓల్డ్‌టైమ్, బ్లూగ్రాస్ రెండూ ఉంటాయి కానీ రాత్రిపూట ఓల్డ్‌టైమ్ జామ్‌లకు కొదవ ఉండదు.

గేలాక్స్: పాతది, పెద్దది, పోటీ బలమైనది

1935లో మూస్ లాడ్జి అనే సంఘం స్థానిక శాఖ మొదలుపెట్టిన ఈ ఫిడ్లర్స్ కన్వెన్షన్ (ఫిడిల్ వాయించేవాళ్ల మేళా) సోమవారం నుంచి శనివారం దాకా ఫెల్ట్స్ పార్కులో నడుస్తుంది. సోమవారం పిల్లల పోటీలు. తర్వాత ఒక్కో రాత్రి కొన్ని వాయిద్యాల చొప్పున ఫిడిల్, రెండు రకాల బాంజో, మాండలిన్, గిటార్, డోబ్రో, డల్సిమర్, ఆటోహార్ప్ పోటీలు. శుక్ర, శనివారాల్లో బ్యాండ్లు, నాట్యం. వేదిక ఎదుట గ్రాండ్‌స్టాండ్ ఉంది. పెద్దవాళ్లను తీసుకెళ్తే కూర్చుని వినడానికి మూడింటిలో ఇదే సుఖం.

కానీ వారాంతం కోసమే వెళ్లేవాడికి గేలాక్స్ అంత అనుకూలం కాదు. వారం మొత్తం ఉండేవాళ్లు ముందే వచ్చి దిగిపోతారు. శుక్రవారం సాయంత్రం చేరేవాడికి మిగిలేది అంచుల్లోని జాగా, జనరేటర్ల రొద. పైగా ఇక్కడ బ్లూగ్రాస్ పాలు ఎక్కువ. బ్లూగ్రాస్ ఇష్టమైతే ఇదే మీ చోటు, రెండో ఆలోచన అక్కర్లేదు. మీ పిల్లో పిల్లాడో వాయిస్తూ ఉంటే సోమవారం పోటీ చూపించడానికి ఒక రోజు సెలవు పెట్టడం దండగ కాదు. వేదికెక్కించాలనుకుంటే మాత్రం పేరు నమోదు గడువు, నిబంధనలు వేసవి మొదట్లోనే చూసుకోండి.

క్లిఫ్‌టాప్: వాయించేవాళ్ల మేళా

ఫయెట్ కౌంటీ కొండ మీద క్యాంప్ వాషింగ్టన్–కార్వర్ ఉంది. నల్లజాతి పిల్లల 4–హెచ్ (పల్లె పిల్లలకు వ్యవసాయం, పనులు నేర్పే సంఘం) శిబిరంగా 1942లో ప్రారంభమైన చోటు ఇది. నల్లజాతి విద్యావేత్త బూకర్ టి. వాషింగ్టన్, వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ల పేర్లు పెట్టారు. మధ్యలో పూర్తిగా చెస్ట్‌నట్ దుంగలతో కట్టిన పెద్ద లాడ్జి ఉంది. తెగులు వచ్చి అమెరికన్ చెస్ట్‌నట్ అడవులే పోయాయి కనుక ఇక అలాంటిది కట్టలేరు. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వెంట వచ్చిన వాయిద్యం. ఆ చరిత్ర ఉన్న నేల మీద ఈ సంగీతం వినడం సబబుగా ఉంటుంది.

1990 నుంచి ఇక్కడ అపలాచియన్ స్ట్రింగ్ బ్యాండ్ మ్యూజిక్ ఫెస్టివల్ జరుగుతోంది. బుధవారం నుంచి ఆదివారం దాకా. ఫిడిల్, బాంజో, ఫ్లాట్‌ఫుట్ నాట్యం, సంప్రదాయ బ్యాండ్ పోటీలతోపాటు పాత పద్ధతిలో కొత్త బాణీలు కట్టేవాళ్ల కోసం నియో–ట్రెడిషనల్ బ్యాండ్ అని వేరే విభాగం ఉంది. బ్లూగ్రాస్ దాదాపు లేదు. అందుకే జామ్‌ల చిక్కదనంలో మిగతా రెండూ దీనికి సాటి రావు. తెల్లవారుజాము మూడింటికి కూడా అడవంచున ఏదో ఒక గుడారంలో ఫిడిల్ మోగుతూనే ఉంటుంది. దూదో, చెవి ప్లగ్గులో లేకుండా పిల్లలకు నిద్ర పట్టదు.

ఇక్కడి కష్టాలు కూడా అంతే చిక్కన. షార్లెట్ నుంచి నాలుగు గంటలకు దగ్గర, ఉత్తర వర్జీనియా నుంచి నాలుగున్నర నుంచి అయిదు గంటలు. ఫోన్ సిగ్నల్ దొరకడం కష్టం కనుక మ్యాపు ముందే దింపుకోవాలి. కలిసి వెళ్లే రెండు కుటుంబాలు ఎక్కడ, ఎన్నింటికి కలుసుకోవాలో బయల్దేరేముందే మాట్లాడుకోవాలి. స్నానాల దగ్గర వరసలు ఉంటాయి. మధ్యాహ్నం ఉక్కపోత, సాయంత్రం ఉరుములతో జల్లు, రాత్రి పదమూడు పద్నాలుగు డిగ్రీల చలి, ఈ మూడూ ఒకే రోజులో రావచ్చు. చక్రాలు బురదలో దిగబడతాయి. పల్లంలో గుడారం వేసినవాడి పరుపు తెల్లారేసరికి తడుస్తుంది. బుధవారానికే మంచి చోట్లు పోతాయి. శుక్రవారం వెళ్లేవాడు వాలు మీదైనా ఎత్తుగా ఉన్న జాగా ఎంచుకోవాలి, తల ఎగువకు పెట్టుకుని పడుకోవాలి.

ఎక్కడైనా చెడేవి ఇవే

పది అడుగుల చదరపు పందిరి, అంటే పాప్–అప్ కానపీ, తప్పనిసరి. ఎండకన్నా రాత్రి మంచుకు అది అవసరం. పదిన్నర దాటాక ఆరుబయట వాయిద్యాల చెక్క మీద తేమ దిగుతుంది. కానపీ విరిగేది ఎక్కువగా గాలికి కాదు, నీటి బరువుకు. పైగుడ్డ వదులుగా ఉంటే మధ్యలో గుంట పడి నీళ్లు నిలుస్తాయి, కాళ్లు వంగిపోతాయి. ఒక పక్క రెండు కాళ్లను ఒక మెట్టు దించితే నీరు జారిపోతుంది. నాలుగు కాళ్లకూ మేకులు కొట్టి, నాలుగు మూలల నుంచి ఏటవాలుగా తాళ్లు లాగి కట్టాలి.

కుర్చీకి చేతులు ఉండకూడదు. చిన్న విషయంలా ఉంటుంది కానీ ఆ చేతులకు విల్లు పట్టిన మోచెయ్యి తగులుతుంది, బాంజో కుండ ఒళ్లో సరిగా ఆనదు.

వాయిద్యాన్ని మూసిన కారులో వదలొద్దు. బయట ముప్పై ఉంటే లోపల గంటలో యాభైకి చేరువవుతుంది. ఫిడిల్‌ను అతికించేది జంతుచర్మపు జిగురు. వేడికి మెత్తబడి అంచులు విచ్చుకుంటాయి. తోలు మూత ఉన్న బాంజో ఇంకా సున్నితం. తేమకు తోలు సడలి తీగలను మోసే బ్రిడ్జి కుంగుతుంది, తీగలు మెట్లకు తగిలి జుంయ్‌మంటాయి. అప్పుడు బిగిస్తే ఆ రాత్రికి బాగుంటుంది. అలాగే వదిలేస్తే మర్నాటి ఎండకు తోలు బిగుసుకుని చీలిపోవచ్చు. రాత్రి బిగించినంతా ఉదయం వదులు చేయాలి. ప్లాస్టిక్ మూత బాంజోకి ఈ బాధ లేదు, మేళాకు అదే మంచిది.

వంటకు ఒక పౌను ప్రొపేన్ సిలిండర్ ఒక బర్నర్ మీద పెద్ద మంటతో రెండు గంటలు వస్తుంది. నలుగురికి రెండు రాత్రులకు రెండు సిలిండర్లు, చేతిలో ఒకటి అదనం. చింతపండు పులిహోర మొదటి రోజుకు హాయిగా ఆగుతుంది. పెరుగన్నం ఆ ఎండలో ఆగదు. వేయించిన రవ్వ, పోపు విడిగా కట్టుకెళ్తే పొద్దున్నే పది నిమిషాల్లో ఉప్మా. క్లిఫ్‌టాప్ చుట్టూ ఎలుగుబంట్లు తిరిగే అడవి కనుక తిండి సామాను రాత్రి కారులోనే పెట్టాలి. కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లొద్దు, చెట్లను చంపే పురుగులు వాటితో పాకుతాయి. అక్కడే కొనండి. గడ్డిలో తిరిగొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక పిడుదులు (టిక్‌లు) పట్టాయేమో చూడండి. వాటితో లైమ్ జబ్బు వస్తుంది.

కర్ణాటక వయొలిన్ నేర్చుకునే పిల్లలుంటే

ఓల్డ్‌టైమ్ ఫిడిల్‌కు అనేక శ్రుతులున్నాయి. ‘ఏ’ (A) స్థాయి బాణీలకు ఎక్కువగా వాడేది కింది తీగ నుంచి ఏ–ఈ–ఏ–ఈ (A–E–A–E). మన లెక్కలో అది అచ్చంగా స–ప–స–ప, ఆరు కట్టై శ్రుతి (కట్టై అంటే ఆధార షడ్జం ఎంత ఎత్తులో ఉందో చెప్పే లెక్క). జి–డి–జి–డి అయితే అయిదు కట్టై. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వాయించిన వరసలోనే తీగలు ఉంటాయన్నమాట. అందుకే స–ప–స–ప అలవాటైన పిల్లలు ఈ బాణీలను పాశ్చాత్య వయొలిన్ నేర్చినవాళ్ల కన్నా త్వరగా పట్టుకోగలరు. ఖాళీ తీగను శ్రుతిలా మోగిస్తూ పక్క తీగ మీద బాణీ నడపడం వాళ్ల చెవికి కొత్తేమీ కాదు.

రెండు చిక్కులున్నాయి. రెండు కట్టైలో ఉంచిన వయొలిన్‌ను ఒక్కసారిగా ఆరుకు లాగితే పాత తీగ తెగుతుంది, బ్రిడ్జి పైభాగం మెట్ల పలక వైపు వాలి పడిపోతుంది. రెండు మూడు రోజుల్లో మెల్లగా ఎక్కించాలి, ప్రతిసారీ బ్రిడ్జిని నిటారుగా సరిచేయాలి. రెండోది కూర్చునే తీరు. వయొలిన్ తలను పాదం మీద ఆనించి వాయించే అలవాటులో ఎడమ చెయ్యి బరువు మోయదు. కుర్చీలో కూర్చుంటే మోయాలి. గడ్డం కింద పట్టడం రాకపోతే ఛాతీకి ఆనించుకోవచ్చు, పాతకాలపు ఫిడ్లర్లు చాలామంది అలాగే వాయించారు. మూడు వారాల ముందు నుంచైనా సాధన చేయించండి.

జామ్‌లో కూర్చోవడానికి మర్యాదలున్నాయి. మోకాళ్లు తగిలేంత దగ్గరగా గుండ్రంగా కూర్చున్నారంటే అది మూసిన వలయం, వెనక నిలబడి వినాలి. ఖాళీ కుర్చీ కనిపిస్తే అడిగి కూర్చోవాలి. శ్రుతి మార్చమని అడగకూడదు. బాంజోలు, ఫిడిళ్లు తీగలన్నీ మార్చుకోవాలి కనుక గంటల తరబడి ఒకే స్థాయిలో ఉంటారు. గిటార్ ఒకటి ఉంటే రెండోది తీయకండి, ఇద్దరి కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు) తేడా వస్తే బాణీ చెడుతుంది. మొదలుపెట్టినవాడు కాలు ఎత్తితే అదే ఆఖరి ఆవృత్తం.

ఇక ఎవరికి ఏది

మొదటిసారి వెళ్లే కుటుంబానికి, చిన్నపిల్లలున్నవాళ్లకు మౌంట్ ఎయిరీ. బ్లూగ్రాస్ ప్రియులకు, పోటీ చూడాలనుకునేవాళ్లకు, గుడారంలో పడుకోలేని పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు గేలాక్స్. చుట్టుపక్కల గది తీసుకుని శనివారం రాత్రి గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చోండి. చేతిలో ఫిడిలో బాంజోనో ఉండి, నాలుగు బాణీలైనా తడుముకోకుండా వచ్చినవాళ్లకు మాత్రం క్లిఫ్‌టాపే. బురద, దూరం, చలి అన్నీ భరించి వెళ్లదగ్గది అదొక్కటే. వారాంతానికే అయినా గురువారం మధ్యాహ్నానికి చేరేలా చూసుకోండి. శనివారం ఉదయం వెళ్తే జామ్‌లు కుదురుకుని ఉంటాయి, కొత్తవాడికి సందు దొరకదు.

వీలైతే ఒకే వేసవిలో జూన్‌లో మౌంట్ ఎయిరీ, ఆ తర్వాత క్లిఫ్‌టాప్ పెట్టుకోండి. మధ్యలో ఏడెనిమిది వారాలుంటాయి. కారిన గుడారం కుట్లకు సీలెంట్ పూయడానికి, అక్కడ విని ఫోన్‌లో రికార్డు చేసుకున్న బాణీలను చేతికి ఎక్కించుకోవడానికి అది సరిపోతుంది.